ముల్లు దిగినా పోని గాలి

“ముల్లు దిగితే సైకిల్ని భుజానేసుకుని నడిచి రా. నేను మాత్రం ఎదురు రాను.”

“ఈ టైరుకి ముల్లు దిగినా గాలి పోదే, పిచ్చిదానా.”

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఇవి చెప్పగానే, రాస్తున్న మా చెల్లెలు కలం ఆపింది. ఉన్నదున్నట్టు రాయవే అన్నాను.

ఆయన అన్నం క్యారేజీ హ్యాండిలుకి తగిలించుకుని మిరప చేనికి పోయాడు. మిట్టమధ్యాహ్నం, తిరిగొచ్చే దారిలో వేపచెట్టు నీడన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. పక్కనే సైకిలు పడి ఉందట. డాక్టరు గుండె అన్నాడు.

చేల మధ్య నుంచి పోయే మా దొంక దారి నిండా తుమ్మముళ్ళే. వారానికి రెండు పంచర్లు. విసిగిపోయి, గురజాల సైకిల్ షాపతను చెప్పాడని ట్యూబులు తీయించేసి, ట్యూబ్‌లెస్ టైర్లు వేయించి, లోపల తెల్లటి మందు పోయించుకొచ్చాడు. ముల్లు గుచ్చుకుంటే ఆ మందే బెజ్జంలోకి వచ్చి గడ్డకడుతుందట. “టైర్లో పాలు పోసి తోడుపెట్టావా?” అని రోజూ ఎగతాళి చేసేదాన్ని.

మూడో నెల మాసికం నాడు కొట్టంలోకి వెళ్తే, సైకిలు వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. ఆ రోజు గాలి పోయిందన్నమాట. ఆ ఎండలో సైకిల్ని నెట్టుకుంటూ నడిచాడన్నమాట. ఎదురు రానన్నాను కదా! అప్పట్నుంచి ముద్ద దిగేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు.

చివరికి అది నా కళ్ళ ముందు ఉండకూడదని, ఆటోలో వేయించి తీసుకెళ్ళి ఆ షాపతనికే ఇచ్చేయబోయాను.

“ఏందత్తా, మామ సైకిలు నాకెందుకు?”

“పగిలిన టైరు నాకు మాత్రం ఎందుకురా?”

“పగిలిందని ఎవరన్నారు?” అంటూ గాలి కొట్టి, చక్రాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. తరవాత టైరు విప్పి లోపలి వైపు చూపించాడు. విరిగిన ముళ్ళ మొనలు ఏడెనిమిది ఉన్నాయి. ప్రతిదాని చుట్టూ మందు గడ్డకట్టి ఉంది.

“అన్నీ మూసుకున్నయ్యి. చానా రోజులు కదపకపోతే ఏ టైరుకైనా గాలి దిగుద్ది అత్తా. గాలి లేకుండా నెట్టుంటే ఈ అంచులు నలిగిపోయేయి, చూడు. మామ తొక్కుకుంటూనే వచ్చాడు.”

“ఒట్టేనా?”

“ఒట్టు. పాలు బాగానే తోడుకున్నయ్యిలే అత్తా.”

నా ఎగతాళి మా ఆయన ఇతనికి కూడా చెప్పి నవ్వుకున్నాడన్నమాట. అక్కడే షాపు మెట్టు మీద కూలబడి, ఏడుస్తూనే నవ్వాను.

కొత్త మందు పోయించుకుని, ఆటో వద్దని, ఆ దొంకలోంచే సైకిల్ని నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. దారిలో ఒక ముల్లు దిగింది. పీకితే తెల్లగా ఒక చుక్క పొంగింది. చక్రం తిప్పగానే బెజ్జం మూసుకుపోయింది. ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఏమే చెల్లీ, ఇంక చాలు. మొదట్నుంచీ చదువు. ఆ రెండు మాటలూ వదలకుండా చదువు, వింటాను.