ఒకటి దగ్గర పట్టిన టేపు

ఇన్నేళ్ళూ ఇది నా గొంతులో చేప ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను.

భిలాయిలో కట్టిన గోడల్నీ తవ్విన మట్టినీ కొలిచి, ఎంత పనైందో తేల్చే కంపెనీలో నేను టేపు పట్టేవాణ్ణి. డెబ్బైల్లో అది చిన్నది. ఎనభైల్లో ముందు దుర్గ్ వాళ్ళతో కలిసింది, తర్వాత రాయపూర్ వాళ్ళతో. కలిసినప్పుడల్లా నెహ్రూ నగర్ ఆఫీసు బోర్డు మీద పేరు పొడుగైంది, లోపల మనుషులు తగ్గారు.

మొదటిసారి కలిసినప్పుడు కొలత చదివేవాళ్ళు ఇద్దరయ్యారు. నన్ను ఊరి నుంచి తెచ్చిన మా మావ, దుర్గ్ నుంచి వచ్చిన రామ్మూర్తి గారు. ఒక్కరినే ఉంచుతామన్నారు.

రామ్మూర్తి గారిది విజయనగరం వైపు. అన్నాల వేళ నన్ను కూచోబెట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. మీసాలొచ్చినవాణ్ణి, సిగ్గుతో చచ్చేవాణ్ణి.

మా పాత టేపుకి మొదటి అడుగు తెగిపోయింది. ఒకటి అంకె దగ్గర పట్టి, "ఒకటి కొయ్యి!" అని అరిచేవాణ్ణి. అవతల మావ ఒక అడుగు తీసేసి రాసుకునేవాడు. దుర్గ్ వాళ్ళకి ఈ అలవాటు తెలీదు. సెక్టర్ 4లో ప్రహరీ కొలిచిన రోజు, ఆ టేపే పట్టుకుని నేను అరవలేదు.

అవతలి చివర కొలత చదువుతున్న రామ్మూర్తి గారే అడిగారు.

"ఏటి తమ్ముడూ, నోరు పెగల్దేటి? ఇంటికాడ తన్నులు తిన్నావేటి? సున్నా గోడకానిందా?"

"ఆఁ బాబూ. సున్నాయే."

అంతే. టేపు వేసినప్పుడల్లా గోడ ఒక అడుగు పెరిగింది. పైవాళ్ళు మళ్ళీ కొలిపించారు. గోడ కట్టించిన ఠేకేదారు దగ్గర లంచం తిని కొలత పెంచాడని ఆయన్ని తీసేశారు. ఆయన నా వైపు చూశారు. నేను టేపు చుట్టుకుంటున్నాను. తర్వాత పవర్ హౌస్ రైలు స్టేషన్లో ట్రంకు పెట్టె మీద ఆయన భార్య కూచుని ఉండటం చూసి స్తంభం చాటుకి పోయాను.

మావ కోసం చేశానా? మావ ఉద్యోగం పోతే నన్నూ పంపేస్తారని చేశానా? అరవొద్దని మావ చెప్పలేదు. ఆ నోరు మూసుకోవడం నాదేనని ఒప్పుకోలేక, ఇన్నాళ్ళూ లోలోపల మావని అడ్డం పెట్టుకున్నాను. మావ పోయాడు. అడ్డమూ పోయింది.

సెక్టర్ 4 వైపు వెళ్ళను. వెళ్తే ఆ గోడ చివర, లేని ఆ అడుగులో, ఆయన నిలబడి ఉంటారు.

మొన్న ఆఫీసు కుర్రాళ్ళు కంపెనీ కథ చెప్పమన్నారు. ఎవరెవరితో కలిసిందో చెప్పాను. ఇది చెప్పలేదు.

ఈ వంకర అక్షరాలు ఆయన దిద్దించినవే. నాకున్నవి ఇవే. రామ్మూర్తి గారూ, సున్నా కాదు. ఒకటి దగ్గర పట్టాను.