పొడుగైపోయిన గౌన్లు

వీధి చివరి ఇరుకు కొట్టులో ముప్పై ఏళ్లుగా ఒంటరిగా కుట్టుమిషను తొక్కుతున్న ఆవిడను అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. గడపలో నిలబడ్డ మనిషిని చూసి, టేపు తీయకుండానే కొలతలు చెప్పేయగలదు. కొట్టు వెనక గదే ఆవిడ ఇల్లు.

తొమ్మిదేళ్ల కిందట థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచారు. నీరసం పోయి పని చకచకా సాగడంతో, ఇక పరీక్షలెందుకని ఆవిడ మళ్లీ ఆసుపత్రి ముఖం చూడలేదు. పాత చీటీ చూపించి అవే మాత్రలు తెచ్చుకునేది.

కొన్నేళ్లకు, తను కుట్టుకుని వేసుకునే గౌన్లన్నీ నేలకు రాసుకోసాగాయి. "దిక్కుమాలిన గుడ్డ! ఉతికితే కుంచించుకుపోవాలి గానీ సాగుతుందా?" అని మిల్లువాళ్లను తిట్టిపోసి, అంచులు పైకి మడిచి కుట్టేసుకుంది. మరుసటి ఏడు మళ్లీ మడిచింది.

చివరికి నడుము పట్టేసి ఆసుపత్రికి వెళ్లక తప్పలేదు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి, పాత చీటీలోని ఎత్తుతో పోల్చింది.

"మాత్ర మీకు ఎక్కువైపోయిందమ్మా. వయసుకు అదీ తోడై ఎముకలు గుల్లబారాయి, వెన్నుపూసలు నొక్కుకుపోయాయి. రెండంగుళాలు తగ్గారు. మోతాదు తగ్గించి ఎముకలకు మందు మొదలుపెడదాం. అయినా, మీరు పొట్టి అవుతున్నారని ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

టైలరమ్మ వంగలేక వంగి గౌను అంచు తడుముకుంది. రెండు వరసల కుట్లు వేళ్లకు తగిలాయి.

"ఇది చెప్పిందమ్మా," అంది. "నేనే తిట్టి కుట్టేశాను."