లిడియా టీచరు చేసిన చట్రం

లిడియా టీచరు చేతికి సుద్దముక్క కంటే రంపమే బాగా కుదిరిందని స్టాఫ్‌రూములో మేమంతా ఆటపట్టించేవాళ్ళం. కొత్తపేటలో మాదీ వాళ్ళదీ పక్కపక్క ఇళ్ళు. ఒకే హైస్కూల్లో ఆవిడ జీవశాస్త్రం, నేను తెలుగు. ఫోన్లో వీడియోలు చూసి వడ్రంగం నేర్చుకుంది. మొదట చేసిన చెప్పుల స్టాండు ఒక పక్కకి ఒరిగితే, దాని కాలి కింద పేపరు మడిచి పెట్టి మరీ మమ్మల్ని పిలిచి చూపించింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుందో లేదో, వెనక వసారాలో చిత్రిక చప్పుడు మొదలయ్యేది.

భర్త కృపారావు గారు రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా. ఆవిడ పని చేస్తుంటే కుర్చీ వేసుకుని చూసేవారు, మేకు వంకరపోతే నవ్వేవారు, తాను మాత్రం చెయ్యి పెట్టేవారు కాదు. కృపారావు గారి నాన్న రంపం కోత కూలీ. చిన్నప్పుడు ఆయన కూడా రంపానికి రెండో కొస పట్టుకున్నారట. ఆ పని ఆయనకి అప్పుడే విసుగెత్తిపోయిందని ఆవిడే చెప్పింది.

కిందటేడు వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పడానికి తల, ఎడమ చెయ్యి తప్ప ఏమీ మిగల్లేదు. రోజూ పావుగంటైనా ఆసరాతో నిలబెట్టాలనీ, లేకపోతే రెండు నెలల్లో మోకాళ్ళు ముడుచుకుపోయి ఇక లేవరనీ డాక్టరు చెప్పారు. ఆస్పత్రిలో అందుకోసం, మనిషిని బెల్టులతో బిగించి నిలబెట్టే ఒక ఇనుప చట్రం ఉంది. అలాంటిది తెప్పించడానికి నెలన్నర పడుతుందన్నారు. ఆవిడ దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చింది. "నేనే చేస్తానండి భవాని గారూ" అంది. ఆ ముఖం చూసి నాకు భయమేసింది.

తుఫానుకి పడిన కొబ్బరి చెట్టు మొద్దు పెరట్లో ఉంది. కోత మిల్లులో పలకలు తీయించింది. మొద్దు బెరడు వైపు నుంచి వచ్చిన పలకలు నల్లగా, మొండిగా ఉన్నాయి. చిత్రిక పడితే బ్లేడు మొద్దుబారింది, ఆవిడ వేళ్ళకి పేళ్ళు దిగాయి. లోపలి పలకలు లేతరంగులో, ఎంత నునుపు చేస్తే అంత నునుపుగా వస్తున్నాయి. కృపారావు గారికి కుడి పక్క స్పర్శ లేదు. పేడు దిగినా తెలియదు, అదే పుండవుతుంది. అందుకని లోపలి పలకలు ఏరుకుని, పైవి పెరట్లో పారేసింది.

టేకుకి చేవ లోపల ఉంటుంది, కొబ్బరికి పైన. ఇది కోనసీమలో తెలియనివాళ్ళెవరు? ఆవిడైతే ఏటా బోర్డు మీద కాండం బొమ్మ వేసి మరీ పాఠం చెప్పేది. ఆ పలకలు పట్టుకుని పక్కనే కూర్చున్న నాకూ తట్టలేదు. ఇద్దరం ఆయన చర్మం గురించే ఆలోచించాం. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

చట్రం తయారై మంచం దగ్గరికి తెచ్చేసరికి కృపారావు గారు తల అడ్డంగా ఊపారు. ఎడమ చేతి వేళ్ళ కణుపులతో నిలువు కర్ర మీద కొట్టి, మళ్ళీ ఊపారు. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. ఆవిడ బతిమాలింది, బైబిల్లో వాక్యం చదివి వినిపించింది, చివరికి విసుక్కుంది. అప్పటికి నెలన్నర నుంచి కంటినిండా నిద్ర లేని మనిషి.

"మీకు లేవాలని లేదా అండీ? నేనొక్కదాన్నే కొట్టుకుంటున్నానా? మీకోసం వద్దు, నాకోసం నిలబడండి."

ఆయన ఆవిడ వంక చాలాసేపు చూశారు. తల ఊపడం మానేశారు.

మూడు రోజులు చట్రం ఆగింది. ఆయన నిలబడితే ఆవిడ భుజం దాకా వచ్చింది తల, ముందుకు వాలిపోయి. అయినా నిలబడ్డారు. మూడో రోజు ఆవిడ నాకు సేమ్యా పాయసం పంపింది. నాలుగో రోజు నేనక్కడే ఉన్నాను. బెల్టు కోసం బోల్టు వేసిన చోట కర్ర పెళుక్కున విరిగి, బెల్టుతో సహా ఆయన కుడి పక్కకి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రి నుంచి తెచ్చాక మంచం తలవైపు ఎత్తు చెయ్యాల్సి వచ్చింది. పెరట్లో పారేసిన నల్ల పలక ముక్క ఒకటి తెచ్చి ఆవిడ మంచానికి ఆనించింది. ఆయన ఎడమ చెయ్యి చాచి దాన్ని కణుపులతో కొట్టారు. ఖంగుమంది. మూలనున్న విరిగిన చట్రం వైపు వేలు చూపించారు. ఆవిడ అందులోంచి ఒక ముక్క తెచ్చి ఇచ్చింది. కొట్టారు, తడిసిన అట్టలా మొద్దుగా మోగింది. తల అడ్డంగా ఊపారు, ఆ రోజు ఊపినట్టే. నల్ల పలక మళ్ళీ కొట్టి, నిలువుగా ఊపారు.

లిడియా టీచరు రెండు ముక్కలూ తీసుకుని తనూ కణుపులతో కొట్టి చూసింది.

"నిలబడ్డం వద్దనలేదండి భవాని గారూ, ఈ కర్ర వద్దన్నారు. ఆయన చెప్పేరు. నేనే వినలేదు" అంది.

ఆ మర్నాటి నుంచి నల్ల పలకలతో మళ్ళీ మొదలుపెట్టింది. ప్రతి ముక్కా మంచం దగ్గరికి తెచ్చేది, ఆయన కొట్టి చూసేవారు, తల నిలువుగా ఊపితేనే రంపం పెట్టేది. వేళ్ళనిండా గుడ్డపీలికలు. పేళ్ళు దిగకుండా పాత దుప్పటి చింపి చట్రమంతా చుట్టి కుట్టింది. పని సగంలో ఉండగానే డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక ఆ కాలు మీద బరువు మోపకూడదు, నిలబెట్టే మాట మర్చిపొమ్మన్నారు. ఇంటికొచ్చి ఆవిడ మిగతా సగం కూడా చేసింది.

అది పూర్తయిన రోజు సాయంత్రం కూర ఇద్దామని వెళ్ళాను. చట్రం మంచానికి ఎదురుగా ఉంది. బెల్టులు బిగించుకుని అందులో ఆవిడే నిలబడి ఉంది. కాళ్ళు వదిలేసి, ఒంటి బరువంతా దాని మీద వేసింది.

"ఆగుతుందా అండీ?" అని ఆయన్ని అడిగింది.

కృపారావు గారు పడుకునే చూస్తున్నారు. తల నిలువుగా ఊపారు. చట్రం కిర్రుమని కూడా అనలేదు.