మా అవ్వ తుంటికీలు

నా చిన్నప్పుడు ఒక పొద్దున మా అవ్వ ముక్కాలిపీటను గడ్డివామి వెనక దాచిపెట్టాను. తమాషాకు చేసిన పని. ఇన్నేళ్లయినా దాన్ని తమాషా అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

మాది పామిడి దగ్గర మెట్ట పల్లె. ముంగారు తొలివానకు ముందు ఆడవాళ్లంతా పక్కింటి వాకిట్లో చేరి విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగకాయలు, ఒలిచేవాళ్లు. గింజ పగలకూడదు, పైపొర ఊడకూడదు. ఆ పనిలో మా అవ్వ చేతికి సాటి లేదు. నలుగురిలో కూర్చుని నవ్వుకునే రోజులు కూడా ఆమెకు అవే. అందరూ నేలమీద కూర్చుంటే ఆమె ఒక్కతే పీట మీద కూర్చుని, మోకాలు పట్టుకుని మూలిగేది. ఆ మోకాలు చూస్తే వాపు లేదు, దెబ్బ లేదు. అదంతా వట్టి వేషమని నేను తీర్మానించుకున్నాను.

ఆ రోజు పీట కనబడక నేలమీదే కాళ్లు మడిచి కూర్చుంది. పొద్దెక్కాక ఒంటికి పోదామని లేవబోతే తుంటి పట్టేసింది. ఇద్దరు పట్టి లేపేలోపల చీర తడిసిపోయింది. "ఏమత్తా, చంటిపిల్లవైపోతివే" అందొకామె. అందరితో పాటు నేనూ నవ్వాను. అవ్వ ఎవరి ముఖమూ చూడకుండా గోడ పట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం ఊళ్లో ఒక ముసలి గొర్రెను కోసి మాంసం పోగులేస్తే నాయన ఒక పోగు తెచ్చాడు. అన్నం తిన్నాక అవ్వ ఆ గొర్రె తొడ ఎముక చివరి గుండునూ, అది ఇమిడే ఎముక గిన్నెనూ కడిగి నా చేతిలో పెట్టింది.

"వేలుతో రుద్ది చూడప్పా."

గుండు ఒకపక్క నున్నగా జారింది. ఇంకోపక్క గరుకు, అంచున చిన్న బుడిపెలు.

"ఆ నున్నటి పొర ఉంటేనే గిన్నెలో గుండు తిరిగేది. ఈడ అరిగిపోయినాది చూడు. నాదీ ఇట్లే ఉండాదని అనంతపురం డాక్టరు ఫోటో తీసి చూపిచ్చినాడు."

"మరి మోకాలు పట్టుకుంటావు కదవ్వా?"

"అరిగేది తుంటిలో, నొప్పి దిగేది మోకాటికి. నాకే తెలీలేదు, ఇంక నీకేం తెలుస్తాది? పీట యాడ పెట్టినావో తెచ్చేయ్. మీ నాయనకు తెలిస్తే తోలు తీస్తాడు."

అది నా పనేనని ఆమెకు ముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు ఆ వాకిట్లోకి పోయి, పీట దాచింది నేనేనని అందరి ముందూ చెప్పాను. వాళ్లు నన్ను నాలుగు తిట్టి మరిచిపోయారు. అవ్వ మాత్రం మళ్లీ అక్కడికి పోలేదు. రమ్మంటే "మీరు పోండి" అనేది.

మరుసటేడు వానకు ముందు ఇల్లిల్లూ తిరిగి, కాయలు మా ఇంటికే తెచ్చి ఒలవమని బతిమాలాను. కొందరు వచ్చారు. ఆనాడు చంటిపిల్లవైపోతివే అన్నామె కూడా ఆలస్యంగా వచ్చి అవ్వ పక్కన చేరింది. అవ్వ అరుగు మీద కాళ్లు వేలాడేసి, తల వంచుకుని ఒలిచింది. ఎవరు హాస్యమాడినా మునుపటిలా నవ్వలేదు.

ఎవరైనా నొప్పి అంటే నమ్మడం నేను అప్పటినుంచే నేర్చుకున్నాను. ఆమె నవ్వును మాత్రం తిరిగి తేలేకపోయాను.