పదిహేనా, పదిహేడా

ఆఫీసులో ఆమెను అందరూ షీటమ్మ అనేవారు. వెక్కిరింపుగా కాదు. ఆ రక్తనిధుల కేంద్ర కార్యాలయంలో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ ఒకటి ఉంది. ఏ ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఏ గ్రూపు రక్తం ఎన్ని యూనిట్లుందో ఆ వివరమంతా దాని కడుపులోనే. ఆసుపత్రుల్లోని చిన్న కంప్యూటర్లను దానికి కలపాలంటే ముందు ఒక షీటు తయారు కావాలి. ఫలానా కంప్యూటర్ అడ్రసు ఇది, మెయిన్‌ఫ్రేమ్ దాన్ని గుర్తుపట్టే పేరు ఇది, నంబరు ఇది అని ఒక్కో గడిలో రాసి, అటు మెయిన్‌ఫ్రేమ్‌లోనూ ఇటు నెట్‌వర్క్ పెట్టెల్లోనూ ఒకేలా ఎక్కించాలి. ఆ షీట్లు ఇరవై రెండేళ్లుగా ఆమే రాస్తోంది. ఆమె రాసినదాన్ని మళ్లీ చూసేవాళ్లు లేరు. చూడాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఏడాదిన్నరగా ఆమె కుడిచెవి మొరాయిస్తోంది. మొదట జలుబనుకుంది. తరువాత మెషిన్ గదిలో ఫ్యాన్ల హోరు అనుకుంది. హోరు లేనిచోట కూడా మాటల చివర్లు రాలిపోతున్నాయని తెలిశాక, ఏదో ఒకటి అనుకోవడం కూడా మానేసింది. ఫోను ఎడమచెవికి మార్చింది. మీటింగుల్లో మనుషులంతా ఎడమవైపుకి వచ్చేలా గోడవారగా కుర్చీ లాక్కునేది. నలుగురూ నవ్వినప్పుడు తనూ నవ్వేది, ఒక్క క్షణం ఆలస్యంగా.

డాక్టరుకి చూపించుకోకపోవడానికి కారణం ఇంట్లోనే ఉంది. అత్తగారికి పన్నెండేళ్లుగా వినపడదు. ఒక్క మాట నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా షీటమ్మ, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని విసుక్కునేది. ఇప్పుడు తనే ఆ చెవిటివాడి వరసలో నిలబడటం ఆమెకు మింగుడుపడలేదు. ఆఫీసులో తెలిస్తే జాలిపడతారు. జాలి తరువాత షీట్లు ఇంకొకరి చేతికి పోతాయి.

ఆ నెలలో తొమ్మిది కొత్త ఆసుపత్రులను కలపాలన్నారు. ఎనిమిదింటి వివరాలు మెయిన్‌ఫ్రేమ్ విభాగం నుంచి కాగితం మీద వచ్చాయి. తొమ్మిదోది ప్రసూతి ఆసుపత్రి. దానికి అనుమతి ఆలస్యమైంది. కలపడానికి ముందురోజు మధ్యాహ్నం ఆ విభాగం పెద్దాయన ఫోన్ చేశాడు. ఆయన మీసాల్లోకే మాట్లాడతాడని అందరూ గొణుగుడు సార్ అంటారు. ఇంకో ఆరునెలల్లో రిటైరవుతున్నాడు.

"రాసుకో అమ్మా, ప్రసూతి ఆసుపత్రికి నంబరు పదిహేడు," అన్నాడు.

ఆమె పదిహేను అని రాసుకుంది. ఒకప్పుడైతే రాసినదాన్ని తిరిగి చదివి వినిపించి, "అంతేగా సార్?" అని అడిగిగానీ ఫోన్ పెట్టేది కాదు. ఈ మధ్య ఆ అలవాటు మానుకుంది. తిరిగి చదివితే తప్పు బయటపడుతుంది, రెండుసార్లు బయటపడితే చెవి బయటపడుతుంది. "సరే సార్," అని పెట్టేసింది.

పదిహేను అప్పటికే పెద్దాసుపత్రిది. వేరే రోజైతే, ఈ నంబరుతో ఒకరు లోపలున్నారంటూ మెయిన్‌ఫ్రేమ్ అడ్డుకునేదే. ఆ రెండు రోజులు పెద్దాసుపత్రి కంప్యూటర్ మరమ్మతులో ఉంది. దాంతో ప్రసూతి ఆసుపత్రి కంప్యూటర్‌ను మెయిన్‌ఫ్రేమ్ పెద్దాసుపత్రే అనుకుని లోపలికి రానిచ్చింది. తెర వచ్చింది, అంకెలు వచ్చాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

మర్నాడు పదకొండింటికి ప్రసూతి ఆసుపత్రిలో ఒక తల్లికి కాన్పు తరువాత రక్తస్రావం ఆగలేదు. నర్సు తెర మీద చూస్తే ఆ గ్రూపువి ఆరు యూనిట్లున్నాయి. ఫ్రిజ్ తీస్తే ఒక్కటే ఉంది. తెర చూపించింది పెద్దాసుపత్రి లెక్క. మిగతావి ఎక్కడున్నాయని అలమరాలన్నీ వెతికారు, ఫోన్లు చేశారు. ఇంకోచోటి నుంచి రక్తం వచ్చేసరికి నలభై నిమిషాలైంది. తల్లి బతికింది. కానీ రెండు రోజులు కళ్లు తెరవలేదు.

మూడోరోజు ఆఫీసరు ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు.

"నేను పదిహేడనే చెప్పాను," అన్నాడు గొణుగుడు సార్.

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"నేను విన్నది పదిహేనే సార్."

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు లేని మనిషి ఒకవైపు, ఏం మాట్లాడతాడో ఎవరికీ అర్థంకాని మనిషి ఇంకోవైపు. ఆఫీసరుకి తేల్చుకోవడం కష్టం కాలేదు. మెమో గొణుగుడు సార్‌కే వచ్చింది.

వరండాలో ఆయన ఆమె పక్కన నడుస్తూ ఏదో అన్నాడు. కుడిపక్కన. మీసాలు కదలడం కనిపించింది.

"సరే సార్," అంది ఆమె.

ఆయన ఆగిపోయాడు. "ఆ బాలింత ఎలా ఉందో కనుక్కున్నావా అని అడిగితే సరే అంటావేంటమ్మా?" ఈసారి గొంతు పెంచి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు. తరువాత కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. "చెవులు చూపించుకున్నావా?"

"నా చెవులకేం సార్? బాగానే ఉన్నాయి."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆయన తిరిగి ఆఫీసరు గదిలోకి వెళ్లి ఆ ఒక్క మాట చెబితే మెమో చిరిగిపోయేది. ఆమె వరండాలోనే నిలబడి చూసింది. ఆయన అటు వెళ్లలేదు, తన విభాగంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. తిట్టి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కూరగాయల ముందు కూర్చుందేగాని కత్తి కదలలేదు. ఎదురుగా అత్తగారు చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది.

"ఎప్పట్నించి?" అంది అత్తగారు.

"ఏది అత్తయ్యా?"

"నువ్వు నా పెదాలు చూస్తున్నావు. ఏడాదిగా చూస్తున్నావు. అంతకుముందు ఇరవై ఏళ్లు నా ముఖమే సరిగ్గా చూడలేదు."

షీటమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. అత్తగారు వేలు అడ్డంపెట్టింది. "దాచడం నాకు నేర్పకు. నాలుగేళ్లు దాచాను నేను. ఎవరేమన్నా నవ్వేదాన్ని. ఒకసారి నా తమ్ముడు పోయాడని మీ మామయ్య చెబితే కూడా నవ్వాను."

షీటమ్మ ఆ మాట ఎప్పుడూ వినలేదు. "మరి నేను శంఖం అని అన్నవన్నీ..." అంది.

"చెవులు పోయాయిగానీ కళ్లు పోలేదుగా. అన్నీ చూశాను."

"ఒక్కసారి కూడా అనలేదేం అత్తయ్యా?"

"అంటే మానేదానివా? అటు తిరిగి అనేదానివి."

షీటమ్మకు ఏడుపు రాలేదు. ఆఫీసులో జరిగిందంతా చెప్పింది. శబ్దం రాకుండా, పెదాలతోనే చెప్పింది, పక్కగదిలో భర్త ఉన్నాడని. పదిహేను, పదిహేడు, ప్రసూతి ఆసుపత్రి, మెమో, అన్నీ. అత్తగారు చిక్కుళ్లు పక్కనపెట్టి ఆసాంతం చూసింది.

"మీ ఆఫీసరుకి రేపు నీ నోటితో నువ్వే చెప్పు. ఆ పెద్దాయన బయటపెట్టేదాకా ఆగకు. అతను బయటపెట్టడు, ఆగితే ఇక ఆగిపోతావు."

మర్నాడు ఆమె ఆఫీసరుకి అంతా చెప్పింది. మెచ్చుకుంటాడేమోనని లోలోపల ఏ మూలో ఉన్న ఆశ అతని ముఖం చూడగానే పోయింది. "ఏడాదిన్నర," అన్నాడతను. "ఈ ఏడాదిన్నరలో మీరు రాసిన షీట్లన్నీ ఇప్పుడు నేను ఎవరిచేత తిరగేయించాలి?" ఆ పని గొణుగుడు సారే చేశాడు. రెండు వారాలు పట్టింది. ఇంకో రెండు తప్పులు దొరికాయి. అదృష్టం బాగుండి, ఆ రెండూ ఇంకా కలపని ఆసుపత్రులవి.

గొణుగుడు సార్‌కిచ్చిన మెమో వెనక్కి తీసుకున్నారు. ఆమెకొకటి ఇచ్చి పాత రికార్డుల గదికి మార్చారు. ఇకమీదట ఏ వివరమూ ఫోన్లో చెప్పకూడదని, ప్రతి షీటూ ఇద్దరు చూడాలని ఆర్డరు వచ్చింది. పరీక్షలో కుడిచెవి దాదాపు పోయిందని, ఎడమది సగమే ఉందని తేలింది. చెవికి మిషను పెట్టుకున్న రోజు ఆమె ఇంటికొచ్చి, "మీకూ ఒకటి తీసుకుందాం అత్తయ్యా," అంది.

"ఇన్నేళ్లు చూసింది చాలు. వినడం కూడానా?" అంది అత్తగారు.

ఒకరోజు ఆమె ప్రసూతి ఆసుపత్రికి వెళ్లింది. వార్డు గుమ్మం దాకానే. ఆ తల్లిని తొమ్మిదోరోజే పంపించేశామని నర్సు చెప్పింది. "మీరేమవుతారు?" అని అడిగింది. ఆమె వెళ్లిన దారినే వెనక్కి వచ్చేసింది.

గొణుగుడు సార్ రిటైరవడానికి నెల ముందు, పని ఎక్కువై ఆమెను మళ్లీ షీట్లకు పిలిచారు. మొదటి షీటు రాసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన కూర్చోమనలేదు. స్కేలు పెట్టుకుని ఒక్కొక్క వరసా కిందికి జరుపుతూ, అడ్రసు, పేరు, నంబరు సరిచూస్తూ పోయాడు. ముప్ఫై నాలుగు వరసలు. ఆమె చివరి వరస దాకా అక్కడే నిలబడింది.