తాళాల బావ

నైట్ లైఫ్ అట, నైట్ లైఫ్! వైజాగ్‌లో ఉద్యోగం దొరికిన ప్రతివాడూ రంగు లైట్ల కింద గ్లాసు పట్టుకున్న ఫొటో పెట్టి, మీ శ్రీకాకుళంలో ఏముందిరా అని అడుగుతాడు. ఎందుకు లేదు? మాకూ ఉంది. కళింగపట్నం దగ్గర సరుగుడు తోటలో పొద్దు వాలేసరికి మొదలై, దోమలు ముసిరేసరికి అయిపోతుంది. ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, ఒక పొట్లం ఉడికించిన శనగలు. ఎండుచేపల వాసన ఊరికే వస్తుంది. దానికి తోడు ఒకడి ఫోన్‌లో పాట, ఇంకొకడి ప్రేమ గోల. ప్రతి శనివారం అదే కథ, అదే ఏడుపు. వినీ వినీ ఆ పిల్ల మీద నాకే జాలేసేది.

నేను తాగను. నీతులేమీ లేవు, నాకు పడదు, అంతే. ఒక్కసారి తాగి రెండు రోజులు వాంతులు చేసుకున్నాను. తాగనివాడికి మా జట్టులో ఒక ఉద్యోగం ఉండేది. కూర్చోబోయే ముందు అందరూ బండి తాళాలు నా టోపీలో వేయాలి. లేచేటప్పుడు ఎవడు బండి నడపగలడో, ఎవడిని వెనక కూర్చోబెట్టుకోవాలో తేల్చేది నేనే. ఎచ్చెర్లలో చదువుకునే రోజుల్లో పెట్టుకున్న కట్టుబాటు అది. అప్పటినుంచి నన్ను 'తాళాల బావ' అంటారు. చదువు అయిపోయింది గానీ ఆ ఉద్యోగం నన్ను వదల్లేదు. వాళ్ళు రాజుల్లా తాగడం, నేను సోడా చప్పరిస్తూ కాపలా కాయడం! ఒళ్ళు మండేది. అయినా వెళ్ళేవాణ్ణి, ఒకడి కోసం.

ఆ ఒకడు మా వీధివాడే. వాళ్ళది గుడిలో సన్నాయి వాయించే కుటుంబం. మాది వ్యవసాయం, మాకు రాగాలు తెలియవు. కానీ తెల్లవారుజామున మడికి నీళ్ళు కట్టడానికి వెళ్తూ, వాడి సన్నాయి వినబడితే మా నాన్న గట్టు మీద ఆగిపోయేవాడు. అప్పటికి వాళ్ళ నాన్నకు ఊపిరి చాలడం లేదు. ఆ పై నెల గుడిలో జరిగే దేవుడి కల్యాణానికి మొదటిసారి కొడుకే పెద్ద సన్నాయి పట్టాలని ఆయన అందరికీ చెప్పుకున్నాడు.

ఆ శనివారం వాడు అందరికంటే ముందు లేచాడు. కాళ్ళు నిలవడం లేదు.

"తాళమియ్యిరా. పొద్దున్నే గుడికాడ ఊదాల, బేగెల్లిపోవాల."

"ఆగు, నాను దింపుతాను."

"నువ్వేటి దింపుతావు? సోడా తాగినోడివి, తాగినోడి సంగతి నీకేటి తెలుస్తాది? నువ్వు నాకు బాబువేట్రా?"

మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. "ఇచ్చీరా, ఏటయిపోద్ది, ఊరు పక్కనే గదా!" అన్నాడు ఒకడు. మళ్ళీ నవ్వులు. అన్ని శనివారాల మంటా ఒక్కసారే నా నెత్తికెక్కింది. వాడి తాళం తీసి ఇసుకలోకి విసిరికొట్టాను.

"పో. ఎల్లి సావు."

వాడు మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకలో వెతుక్కున్నాడు. వెతుకుతున్నంతసేపూ చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా లేచి లాక్కోవచ్చు. లాక్కోలేదు.

మలుపు దగ్గర కల్వర్టు గోడకు గుద్దాడు. ప్రాణం దక్కింది. ముందు పళ్ళు నాలుగు పోయాయి, పై పెదవి చీలింది. ఆసుపత్రి వరండాలో మా వీరులందరిదీ ఒకటే మాట, కుక్క అడ్డొచ్చిందని. మా జిల్లాలో తాగి పడిన ప్రతి బండికీ కుక్కే అడ్డొస్తుంది! ఆ కుక్కను ఇంతవరకూ చూసినవాడు లేడు. వాడి నాన్న నా వైపు చూస్తే నేనూ తల ఊపాను.

కుట్లు మానాయి. కానీ సన్నాయి పీకను వాడి పెదవి బిగించి పట్టలేకపోయింది. ఎంత ఊదినా గాలి పక్కల నుంచి పోతోంది. కల్యాణానికి చీపురుపల్లి నుంచి వేరే మేళాన్ని పిలిపించారు. అదే వారం జట్టులో ఒకడు ఫోన్ చేసి, "తోటకి వస్తావేటి బావా?" అన్నాడు. సిగ్గూ శరమూ లేని వెధవలు! నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మీ నవ్వే వాడి నోరు కొట్టిందిరా అన్నాను.

కల్యాణం రోజు వాళ్ళ నాన్న మేళానికి దూరంగా, గుడి గోడ పక్కన ఒక్కడే కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని, ఆ కుక్క గనక రాకపోయి ఉంటే అని మొదలుపెట్టాను.

"కుక్క కథ నాకు సెప్పకు నాన్నా. ఆసుపత్రిలోనే నాకు వాసనొచ్చీసింది," అన్నాడాయన. "ఆడు తాగుతాడని నాకెరికే. తాళాలు నీకాడుంటాయనీ ఎరికే. ఆ ధైర్నంతోనే పంపీసీవోన్ని. ఆ రోజు ఆడికి తాళం ఎవులిచ్చినారు?"

నవ్వినవాళ్ళ పేర్లు, ఇచ్చెయ్యమన్నవాడి పేరు, అన్నీ నోటిదాకా వచ్చాయి.

"నానే మావయ్యా. కోపంలో ఇసిరీసినాను."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లోపల వేరేవాళ్ళ సన్నాయి మోగుతోంది.

"ఆడంటే తాగున్నాడు," అన్నాడు. "నువ్వు తాగనేదు గదరా."