వీపు వెనక బరువు

ఆ లారీ డ్రైవరుకు ఎదురుగా వచ్చే బండికన్నా తన వెనక, ట్రాలీ మీద ఉన్న టన్నుల బరువైన ఉక్కు చుట్ట అంటేనే ఎక్కువ భయం. చుట్టూ గోడలు లేని ట్రాలీ అది. చుట్టకూ అతని వీపుకూ నడుమ క్యాబిన్ వెనకవైపు పల్చటి రేకు ఒక్కటే. అందుకే బండి ఆపిన ప్రతిచోటా దిగి, దాన్ని పట్టి ఉంచే బెల్టులను అరచేత్తో చరిచి చూస్తాడు. బరువు నిశ్చలమని లోకం అనుకుంటుంది. అది బ్రేకు కోసం కాచుకుని ఉంటుందని అతని నమ్మకం.

ఆ ఉదయం లోడు కట్టినవాడు స్వయానా బావమరిది. తెగిన బెల్టుకు ముడివేసి చేతులు దులుపుకున్నాడు.

“ముడి పడితే బెల్టు సగం బరువు కూడా ఆపదురా. గొలుసు వేయించు.”

“గొలుసులన్నీ వేరే బళ్లమీద పోయాయి బావా. అంత బరువు ఎక్కడికి కదులుతుంది? నీకన్నా మా అక్క నయం, బల్లికి తప్ప దేనికీ జడవదు! ఇన్నేళ్లలో చుట్ట జారిందని ఎవడైనా చెప్పాడా?”

“ఎవరి చుట్ట జారిందో వాడు చెప్పడానికి రాడురా.”

కూలీలు గొల్లున నవ్వారు. ఆ నవ్వుకు తలవంచి అతడు బయలుదేరాడు.

దిగుడు రోడ్డులో ముందున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. గట్టిగా తొక్కితే చుట్ట, తొక్కకపోతే బస్సు. బ్రేకును కొంచెం కొంచెంగా నొక్కుతూ బండిని పక్కనున్న మట్టిలోకి దింపాడు. వెనక ముడి పుటుక్కుమంది. ఆపైన ఇనుము ఒరుసుకుంటున్న చప్పుడు. అతడు మెడ ముడుచుకుని కళ్లు మూసుకున్నాడు.

బండి ఆగింది. రేకు లోపలికి ఉబ్బి అతని సీటును తాకుతోంది. అతడు బావమరిదికి ఫోను చేశాడు.

“గొలుసు తీసుకుని నువ్వే రా. మీ అక్కకు మాత్రం చెప్పకు.”